చెరకు తోటలో ఆగని ఇంజన్

ఆ ఇంజన్‌లోకి ఆమె రాలేదు. నేను ఎక్కువగా పోసిన నూనె వల్లనే అది ఆగకుండా తిరిగింది. ఈ మాట ఆ రోజే, ఆ చెరకు తోటలోనే చెప్పాల్సింది. ఇంజన్ చల్లారకముందే నాకు కారణం తెలిసిపోయింది. అయినా చుట్టూ ఉన్నవాళ్లు దయ్యం అంటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. దానికి తోడు ఇంకో పాడు పని కూడా చేశాను. అది వరసలో చెబుతాను.

నాది డీజిల్ ఇంజన్లు బాగుచేసే పని. సూరత్‌లో సచిన్ అనే ఊరు దాటాక చెరకు ఊళ్లకు వెళ్లే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, ఉన్ అనే పేటలో అద్దె ఇల్లు. మావాళ్లంతా తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లే. నాన్న గోడాదరా అనే పేటలో పవర్‌లూమ్ నడిపేవాడు. నేను కూడా మొదట అదే కార్ఖానాలో మగ్గాలకు నూనె పోసే పనిలో చేరాను. మగ్గానికి నూనె ఎవరూ కొలిచి పోయరు. డబ్బా వంచి, కీలు తడిసి కిందికి కారేదాకా పోస్తారు. తక్కువైతే కీలు కీచుమంటుంది, అరిగిపోతుంది, సేఠ్ తిడతాడు. ఎక్కువైతే గుడ్డ మీద మరక పడుతుంది, అంతే. నాన్న వెనక నిలబడి, "జర ఎక్కువనే పొయ్యి బిడ్డా, పిసినారితనం జెయ్యకు" అనేవాడు. నా చేయి అలా అలవాటు పడింది. మగ్గాలు వదిలి ఇంజన్ల పని నేర్చుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు.

పాత ట్రాక్టర్ ఇంజన్లకు గాలిని శుభ్రం చేసే ఎయిర్ క్లీనర్ ఉంటుంది. పైన మూత, మూత కింద గొట్టం, అడుగున నూనె ఉన్న గిన్నె. ఇంజన్ పీల్చుకునే గాలి గొట్టంలోంచి దిగి నూనెను తాకుతుంది. దుమ్ము నూనెలో పడిపోతుంది, శుభ్రమైన గాలి తీగల జల్లెడలోంచి ఇంజన్‌కు వెళుతుంది. గిన్నె గోడకు లోపల ఒక గీత ఉంటుంది. నూనె ఆ గీత దాకా మాత్రమే ఉండాలి. అంతకు మించితే వేగం పెరిగినప్పుడు ఇంజన్ గాలితో పాటు ఆ నూనెను కూడా పీల్చుకుంటుంది. డీజిల్ ఇంజన్‌కు నూనె కూడా డీజిల్ లాంటిదే. అది దొరికాక డీజిల్ కట్టేసినా ఇంజన్ ఆగదు. వేగం పెరిగిన కొద్దీ ఇంకా నూనె లాగుతుంది, నూనె లాగిన కొద్దీ ఇంకా వేగం పెరుగుతుంది.

ఇదంతా నాకు తెలియక కాదు. నాకు పని నేర్పిన మిస్త్రీ గీత చూపించే నేర్పాడు. కానీ చెరకు కోతల కాలంలో ఇక్కడి దారుల్లో దుమ్ము మోకాళ్ల దాకా లేస్తుంది. ఇంత దుమ్ముకు ఆ కాస్త నూనె ఏం చాలుతుందని, గీత పైకి ఒక వేలెడు పోసేవాణ్ణి. ఇంజన్లు నడిచాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ కాకపోవడం చూసి అది నా పనితనం అనుకున్నాను.

ఇప్పుడు ఆ ఇంజన్ నడిపిన ఆయన గురించి చెప్పాలి. గోడాదరాలో మా పాత సందులోనే ఉండేవాడు. వయసులో నాకంటే పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. మగ్గాల మోతకు ఒక చెవి సరిగ్గా వినపడక ఆ పని వదిలేస్తే, నేనే ఒక గుజరాతీ రైతు దగ్గర పంపు నడిపే పనికి కుదిర్చాను. ఆ రైతును అందరూ కాకా అనేవాళ్లు. కాకా తోటలో పాత ట్రాక్టర్ నుంచి విప్పిన ఇంజన్‌ను ఇనుప చట్రం మీద బిగించి, బెల్టుతో నీళ్ల పంపుకు కలిపారు. కాలువ పక్కన, చుట్టూ మనిషికి మించిన చెరకు. అన్న వారంలో ఎక్కువ రోజులు అక్కడే పడుకునేవాడు. ఆయన భార్య, నాకు వదిన, గోడాదరా గదిలో చీరలకు రాళ్లు అంటించే పని చేసుకునేది.

ఒక మధ్యాహ్నం వదినకు గుండెలో నొప్పి వచ్చింది. అన్నకు ఫోన్ చేసింది. ఆయన ఇంజన్ పక్కన ఉన్నాడు, ఫోన్ జేబులో మోగుతూనే ఉంది, వినపడలేదు. పక్కింటివాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆమె పోయింది. ఇంజన్ ఆపి నీళ్లు తాగబోతూ ఫోన్ చూసుకున్నాడట. దాని మీద ఆమె పేరే, కింది నుంచి పై దాకా.

కర్మకాండలు అయ్యాక పనికి తిరిగి వచ్చాడు. ఆమె చీర ఒకటి చింపి, ఆ ముక్కను కండువాలా భుజాన వేసుకునేవాడు. సూరత్ ప్రింట్ చీర, ఊదా పూలది. ఆయన వచ్చిన కొద్ది రోజులకు ఆ ఇంజన్ సర్వీసు చేయడానికి వెళ్లాను. గిన్నె విప్పి కడుగుతుంటే పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, ఇంజన్ నడుస్తుంటే నీకు ఫోన్ మోగినట్టు ఇనవడ్తదా?"

"ఏ ఇంజన్ల, అన్నా?"

"గీ ఇంజన్లనే. లోపట్నించి. ఇంజన్ ఆపంగనే అది గూడ ఆగుతది. జేబుల చూస్తే ఫోనేం రాలే."

"చెవులు మగ్గాలకు రాసిచ్చి వచ్చినవ్ గదన్నా. మిగిలిన చెవి గట్లనే మోగుతది" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "చెవి గాదురా. సరే తీ, నీ పని నువ్వు చెయ్యి" అన్నాడు.

గిన్నె తుడిచి కొత్త నూనె పోశాను. గీత దాటించి పోశాను. ఆ రోజు మాటల్లో పడి ఎప్పటికంటే ఎక్కువే పోశాననుకుంటాను. ఇంజన్ మెల్లగా నడిపి చూశాను, బాగానే ఉంది. ఇంతలో కాకా తోట ఇంటి వరండాలోంచి, "ఏ మిస్త్రీ, చాయ్ పీకే జా!" అంటూ చాయ్ తాగి పొమ్మని కేకేశాడు. పంపుకు బెల్టు వేసి వేగం పెంచుకొమ్మని అన్నకు చెప్పి నేను వెళ్లాను.

సాసర్‌లో చాయ్ పోసుకున్నాను. ఇంజన్ శబ్దం పైకి లేచింది. ఎవరైనా వేగం పెంచినప్పుడు శబ్దం ఒక మెట్టుకు వచ్చి అక్కడ నిలబడుతుంది. వినీవినీ నా ఒళ్లు ఆ మెట్టు కోసం ఎదురుచూస్తుంది. ఆ రోజు అది రాలేదు. శబ్దం ఇంకా లేచింది, ఇంకా లేచింది. కాలువ గట్టు మీది కొంగలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. గాలి లేదు, కానీ చెరకు ఆకులు చివర్ల దాకా సన్నగా వణుకుతున్నాయి. సాసర్‌లో చాయ్ మీద కూడా ఆ వణుకు కనిపించింది.

పరుగెత్తాం. నీలిరంగు కలిసిన తెల్లటి పొగ చెరకు మీదికి దుప్పటిలా దిగుతోంది. పొగలో ఇంజన్ చట్రంతో సహా ఎగిరెగిరి పడుతోంది. బెల్టు ఎప్పుడో జారిపోయింది. అన్న ఇంజన్‌ను ఆపే కమ్మీ లాగేశాడు. డీజిల్ నల్లా కట్టేశాడు. అయినా ఆగకపోతే డీజిల్ పైపే పీకేశాడు. పైపు గాల్లో వేలాడుతోంది, దాని మూతి నుంచి చివరి చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఇంజన్ మాత్రం ముందుకంటే వేగంగా తిరుగుతోంది. అక్కడున్న కూలీలందరూ దాన్ని చూశారు. ఏమీ తాగకుండా అరుస్తున్న ఇంజన్‌ను చూశారు.

పొగ రంగు చూడగానే నాకు అర్థమైంది. అలాంటప్పుడు ఇంజన్‌ను ఆపాలంటే ఉన్నది ఒకటే దారి. గాలి పోయే మూతిని చెక్కపలకతో అదిమి మూసేయాలి. చేతిని మాత్రం దగ్గరికి పోనివ్వకూడదు. పలక ఒకటి నా కాళ్ల దగ్గరే పడి ఉంది. అయితే ఆ వేగంలో తిరిగే చక్రం పగిలితే ముక్కలు మనిషిలోంచి దూసుకుపోతాయని కూడా నాకు తెలుసు. నేను చెరకు బండి వెనక్కి పోయి నక్కాను.

అన్న పారిపోలేదు. ఇంజన్‌కు ఎదురుగా నిలబడి ఏదో అంటున్నాడు. పెదవులు కదలడం కనిపిస్తోంది గాని మాట వినపడటం లేదు. అదురుకు ఎయిర్ క్లీనర్ మూత ఊడి ఎటో పడిపోయింది. గొట్టం మూతి నల్లగా తెరుచుకుని ఉంది. ఆయన భుజం మీది చీర ముక్క తీసి, మడత మీద మడత పెట్టి, రెండు చేతులతో ఆ మూతి దగ్గరికి చాచాడు. ఎవరికో బట్టలు పెడుతున్నట్టుగా చాచాడు. ఇంజన్ ఆ గుడ్డను ఆయన చేతుల్లోంచి లాక్కుంది. ఒక్క క్షణంలో ఊదా పూలు లోపలికి వెళ్లిపోయాయి. ఇంజన్ ఒకసారి పెద్దగా అదిరి, ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. కాగిన ఇనుము చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. అప్పుడు అన్న గొంతు వినపడింది. పక్కన ఎవరో ఉన్నట్టు మెల్లగా మాట్లాడుతున్నాడు. "ఆగినవా? ఇంటున్ననే. ఇప్పుడు ఇంటున్న."

కూలీలు వెనక్కి వెనక్కి జరిగారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. "మిస్త్రీ, ఖోల్ కే దేఖ్. వో కపడా కిధర్ గయా?" అని కాకా విప్పి చూడమన్నాడు, ఆ గుడ్డ ఎటు పోయిందని, తను మాత్రం దగ్గరికి రాకుండా.

గొట్టంలో వేళ్లు పెట్టాను. గుడ్డ అక్కడే ఇరుక్కుని ఉంది, గాలి వెళ్లే సందు లేకుండా బిగిసిపోయి. ఇంజన్ ఆగింది దానివల్లనే. ఆ మడతలే గాలి కట్టేసి దాని పీక నొక్కాయి. లాగి తీశాను. అది నూనెలో ముంచినట్టుంది, పిండితే ధార కారేంత. తెలిసినవాళ్లు ఎవరు చూసినా అడిగే మాట ఒకటే: గిన్నెలో ఉండాల్సిన నూనె గొట్టం మూతి దాకా ఎట్లా వచ్చింది? అందరికీ నా వీపే కనిపిస్తోంది. గుడ్డను పనిముట్ల సంచిలో పానాల కింద కుక్కేశాను.

"కుఛ్ నహీ హై, కాకా" అన్నాను.

అన్న నా మొహంలోకి చూశాడు. "లేదా, తమ్మీ?"

"లేదన్నా."

"తీస్కపోయింది" అన్నాడు ఆయన.

సాయంత్రం ఇంటికి పోతూ ఆ గుడ్డను కాలువలోకి విసిరేశాను. మునుగుతుందనుకున్నాను. నీళ్ల మీద మెల్లగా విప్పుకుని, పూలు పైకి చూస్తుండగా అక్కడే నిలబడింది. దాని చుట్టూ నూనె రంగురంగులుగా పరుచుకుంటూ గట్టు మీది నా కాళ్ల వైపే వచ్చింది. బండి ఎక్కి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాను.

తర్వాత కాకా ఒక భువాను పిలిపించాడు. ఈ వైపు దయ్యాలతో మాట్లాడేవాణ్ణి అలా అంటారు. భువా తల ఊపుతూ ఊగి, ఇంజన్‌లో ఒక ఆడమనిషి ఉంది, మొగుడి మీద కోపంతో వచ్చింది, వాణ్ణి దీని దగ్గరికి రానివ్వొద్దు అన్నాడు. ఇంజన్‌కు నల్లతాడు కట్టాడు. కాకా చెడ్డవాడు కాదు. అన్న చేతులు పట్టుకుని, "భాయ్, తూ మత్ ఆ" అని, ఇక రావద్దని పంపేశాడు. అన్న మళ్లీ గోడాదరా వచ్చి, ఒక బట్టల మార్కెట్‌లో చీరలు మడతపెట్టే పనిలో కుదిరాడు.

గోడాదరా సందులో జనం ఊరుకుంటారా? చాయ్ హోటల్ దగ్గర ఎవడో ఒకడు మొదలుపెట్టేవాడు. "ఏందన్నా, వదిన ఇంజన్ల కాపురం పెట్టిందట గదా. డీజిల్ తాగుతదా, ఆయిల్ తాగుతదా?" ఇంకొకడు, "మైలేజ్ ఎంతిస్తదో అడుగురా!" అనేవాడు. అక్కడికి పోయినప్పుడు అందరితో పాటు నేను కూడా ఒకసారి నవ్వాను. అన్న చాయ్ సగంలో వదిలేసి పోయాడు.

ఆయన మాత్రం నేను కనిపించినప్పుడల్లా అడిగేవాడు. ఊళ్లో ఉన్న మనిషి క్షేమం అడిగినట్టే అడిగేవాడు. "మంచిగున్నదా, తమ్మీ? మొరాయిస్తలేదు గదా? నా మీద కోపం తగ్గిందంటవా?"

"మంచిగున్నదన్నా" అనేవాణ్ణి. మంచిగానే ఉంది మరి. ఆ తర్వాత దాని గిన్నెలో నూనె గీత దాటించలేదు. నల్లతాడు పని చేసిందన్నాడు కాకా. నేను తల ఊపాను.

నిజం తెలిసినవాడికి భయం ఉండకూడదు. కానీ ఆ తర్వాత ఏ ఇంజన్ ఆపినా, కమ్మీ లాగి ఊపిరి బిగబట్టి వింటాను. శబ్దం పూర్తిగా చచ్చేదాకా చెయ్యి తీయను. కొన్నిసార్లు అంతా ఆగాక కూడా, షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు, ఎక్కడో ఫోన్ మోగినట్టుంటుంది. జేబులో ఫోన్ తీసి చూస్తాను. ఏమీ ఉండదు. నా రెండు చెవులూ బాగానే పనిచేస్తాయి.

ఏళ్లు గడిచాయి. కాకా తోటకు కరెంటు మోటారు వచ్చింది. మొన్న చలికాలంలో అన్న నా షెడ్డుకు వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇంజన్‌ను పాత ఇనుము కొనే కబాడీకి అమ్ముతున్నడట గదా కాకా."

"అవునన్నా, పాతదైంది గదా."

"కబాడీవాడు గ్యాస్ కట్టర్‌తోని కోస్తడట. ఆమెను గూడ కోస్తరా, తమ్మీ?"

నా చేతిలోని పానా కింద పెట్టాను. ఆయన మామూలుగానే అడిగాడు, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు.

"నేనే కొంట. కాకాతోని మాట్లాడిన. గదిల పెట్టుకుంట. నువ్వు జర ట్రాలీల ఏసి తేవాలె. అంతకుముందు ఒక్కసారి నడిపియ్యి. ఆమెతోని మాట్లాడాలె."

మరునాడు పొద్దున ఇద్దరం తోటకు పోయాం. మంచు ఇంకా చెరకు మీదే ఉంది, పక్క సాలు కనిపించడం లేదు. ఇంజన్ పాకలో తుప్పు పట్టి ఉంది. నల్లతాడు కుళ్లి రాలిపోయింది. ముందు బ్యాటరీ తీగ విప్పి పక్కన పెట్టాను, చేతులు లోపల ఉండగా అది పొరపాటున కూడా తిరగకూడదు. పాత నూనెలు దించేశాను. గిన్నె విప్పి డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, గీత దాకా పోశాను. బెల్టు వేయలేదు. ఒక చెక్కపలకను గాలి మూతి పక్కనే నిలబెట్టుకున్నాను. అన్న మంచులో నిలబడి అన్నీ చూస్తున్నాడు.

బ్యాటరీ కలిపి ఇంజన్ నడిపాను. రెండుసార్లు దగ్గి అందుకుంది. శబ్దం ఒక మెట్టుకు వచ్చి నిలబడింది. అన్న దగ్గరికి వచ్చి, వినపడే చెవిని దానివైపు వంచాడు. కళ్లు మూసుకున్నాడు.

"మోగుతున్నది" అన్నాడు.

కమ్మీ లాగాను. ఇంజన్ వెంటనే ఆగిపోయింది.

ఆయన మొహం విప్పారింది. "ఎంత జల్దీ ఆగింది, చూసినవా! కోపం పోయింది తమ్మీ. ఇన్నేండ్లకు పోయింది." కళ్లు తుడుచుకున్నాడు.

అక్కడ ఆపేసి ఉండొచ్చు. ఆయనకు క్షమాపణ దొరికిందనుకుని ఇంజన్‌ను ట్రాలీ ఎక్కించి గోడాదరాలో దింపితే అందరికీ బాగుండేది, నాకు అన్నిటికంటే. కానీ ఆయన ఇంజన్ మీద చెయ్యి వేసి, తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. "ఇన్నేండ్లు కోపం ఉంచుకున్నదంటే, పోయేముందు నన్నెంత తిట్టుకున్నదో."

అది విన్నాక ఆగలేకపోయాను. గిన్నె మళ్లీ విప్పి ఆయనకు చూపించాను. "అన్నా, గిది చూడు. గీత గీడ ఉన్నది. నూనె గీడిదాకనే ఉండాలె. ఆ దినం నేను గింత పైకి పోసిన. ఇంజన్ ఆ నూనె తాగి నడిచింది. అందుకే ఆగలే. నువ్వు పెట్టిన బట్ట గొట్టంల ఇరికి, గాలి బందై ఆగింది. ఆ బట్ట ఏడికీ పోలే. నేను తీసి సంచిల దాచిన. కాలువల పారేసిన. నువ్వడిగితే లేదని చెప్పిన."

ఆయన గిన్నె మీదికి వంగాడు. నూనెలో ఆయన మొహం నల్లగా కనిపిస్తోంది.

"అయితే ఆ దినం ఆమె రాలే."

"రాలేదన్నా."

"మరి ఇప్పుడు మోగింది?"

"అది నాకు తెల్వది."

"నేను ఇన్నేండ్లు ఎవరి మంచిచెడు అడిగిన, తమ్మీ?"

ఆయన ఇంజన్ మీది నుంచి చెయ్యి తీసి, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టలేదు. నేను నూనె చేతులతోనే ఆయన కాళ్లు పట్టుకున్నాను.

"వదిన నీ మీద కోపంతోని ఎన్నడూ రాలేదన్నా. ఆమె కోపమని నిన్ను నమ్మనిచ్చింది నేను. నీ పని పోతుంటే చూసిన. నిన్ను నవ్వుతుంటే నేనూ నవ్విన. నూనె ఎక్కువ పోసింది నిర్లక్ష్యంతోని చేసిన తప్పు, బట్ట దాచింది తెలిసి చేసిన తప్పు. రెండూ నావే. మాఫ్ చెయ్యన్నా."